అంగట్లో నీతి

పేరున్న నటుడో, నటీమణో, మోడలో మాదకద్రవ్యాల వివాదంలో చిక్కుకున్నారని వార్త వచ్చిన మరునాడే, వారి ముఖాన్ని వాడుకుంటున్న వస్త్ర సంస్థలు, సౌందర్య సాధనాల సంస్థలు ఒక ప్రకటన విడుదల చేస్తాయి. ఆ వ్యక్తి ప్రవర్తన తమ విలువలకు సరిపడదని, అందువల్ల సంబంధం తెంచుకుంటున్నామని అందులో ఉంటుంది. చదివినవారికి ఆ సంస్థ మీద గౌరవం కలుగుతుంది. లాభం కన్నా నీతి మిన్న అని చెప్పే వ్యాపారి ఇంకా లోకంలో ఉన్నాడన్న తృప్తి కలుగుతుంది. ఏడాది గడిచాక అదే ముఖం అదే సంస్థ గోడపత్రంపై మళ్లీ కనిపిస్తుంది. అప్పటికి మొదటి ప్రకటన ఎవరికీ జ్ఞాపకం ఉండదు.

ఈ ప్రకటనలను నీతి వాక్యాలుగా కాక, లెక్కల పుస్తకంలోని పద్దులుగా చదవాలని మేము భావిస్తున్నాము. మైనారిటీ హక్కుల గురించి మాట్లాడే పత్రికకు ఫ్యాషన్ ప్రపంచంతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. పని ఉంది. మన పిల్లలు ఆ ముఖాలను చూసే చొక్కాలు, బూట్లు, అత్తర్లు కొంటున్నారు. అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. కోట్లు సంపాదించే తారను ఏడాదిలో క్షమించగలిగిన ఈ సమాజమే, గంజాయి కేసులో పట్టుబడిన మెకానిక్ కుర్రవాణ్ని జన్మంతా క్షమించదు. నేరం రుజువైనా కాకపోయినా క్షమించదు. ఈ రెండు తీర్పుల మధ్య ఉన్న దూరాన్ని కొలవాలంటే, పెద్ద తీర్పు ఎలా రాయబడుతుందో ముందుగా తెలుసుకోవాలి.

లండన్ ఉదాహరణ

ఈ విషయంలో అందరికీ తెలిసిన ఉదాహరణ బ్రిటన్‌కు చెందిన మోడల్ కేట్ మాస్. 2005 సెప్టెంబరు 15న లండన్‌లోని డైలీ మిర్రర్ పత్రిక ఆమె ఛాయాచిత్రాలను మొదటి పుటలో ప్రచురించింది. ఒక రికార్డింగ్ స్టూడియోలో ఆమె కొకైన్ పీలుస్తున్నారని ఆ పత్రిక రాసింది. అప్పటికి ఆమె ప్రపంచంలో అత్యధికంగా సంపాదించే మోడళ్లలో ఒకరు. పద్నాలుగేళ్ల వయసులో, 1988లో, న్యూయార్క్ విమానాశ్రయంలో ఒక ఏజెన్సీ కంటపడిన నాటి నుంచి పదిహేడేళ్లుగా ఆ పరిశ్రమలోనే పెరిగిన వ్యక్తి.

ఆ తరువాతి వారం రోజుల్లో ఏం జరిగిందో వరుసగా చూడాలి. స్వీడన్‌కు చెందిన హెచ్ అండ్ ఎమ్ సంస్థ, శరదృతువులో విడుదల చేయబోయే దుస్తులకు ఆమెను ప్రచారకర్తగా తీసుకుంది. ఆమె క్షమాపణ చెప్పారు కనుక మరో అవకాశం ఇస్తామని మొదట ప్రకటించింది. కొనుగోలుదారుల నుంచి, పత్రికల నుంచి విమర్శలు వెల్లువెత్తాయి. కొద్ది రోజుల్లోనే మాట మార్చి, మాదకద్రవ్యాలకు వ్యతిరేకంగా తాము చేస్తున్న కృషికి ఈ ప్రచారం పొసగదని చెప్పి ఆమెను తొలగించింది. ఆ వెంటనే బర్బెరీ తన ప్రచారం నుంచి ఆమెను తప్పించింది. ముగియబోతున్న ఒప్పందాన్ని పొడిగించబోమని షనెల్ తెలిపింది. రిమ్మెల్ అనే సౌందర్య సాధనాల సంస్థ దిగ్భ్రాంతి ప్రకటించింది గాని, ఆమె బహిరంగంగా క్షమాపణ చెప్పిన తరువాత ఒప్పందాన్ని కొనసాగించింది. ఆమె చికిత్స కోసం అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి వెళ్లారు.

హెచ్ అండ్ ఎమ్ మొదటి నిర్ణయానికీ రెండవ నిర్ణయానికీ నడుమ ఆమె కొత్తగా చేసిన తప్పేమీ లేదు. కొత్తగా బయటపడిన సాక్ష్యమూ లేదు. మారినది కొనుగోలుదారుల స్వరం ఒక్కటే. తప్పును తూచిన తక్కెడ నిజంగా నీతి తక్కెడే అయితే, అది మొదటి రోజు ఒక వైపు, అయిదవ రోజు మరొక వైపు మొగ్గదు.

తిరిగి రావడానికి పట్టిన కాలం

ఇక తిరుగు ప్రయాణం చూద్దాము. వివాదం వచ్చిన మరుసటి నెలలోనే పారిస్‌లో జరిగిన ప్రదర్శన ముగింపులో, పేరుపొందిన డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ ఆమెకు మద్దతు తెలిపే మాటలు ముద్రించిన చొక్కా ధరించి వేదికపైకి వచ్చారు. ఆ ఏడాది డిసెంబరు సంచికకు వ్యానిటీ ఫెయిర్ పత్రిక ఆమెను ముఖచిత్రంగా వేసుకుంది. 2006లో కాల్విన్ క్లైన్ జీన్స్, నికాన్ కెమెరాలు, వర్జిన్ మొబైల్ వంటి ప్రకటనల్లో ఆమె కనిపించారు. తొలగించిన బర్బెరీ కూడా ఆమెను మళ్లీ పిలిచింది. 2006 నవంబరులో బ్రిటిష్ ఫ్యాషన్ పురస్కారాల్లో ఆ ఏటి మేటి మోడల్‌గా ఎంపికయ్యారు. 2007 మే నెలలో టాప్‌షాప్ దుకాణాల్లో ఆమె పేరుతో దుస్తుల శ్రేణి విడుదలైంది. ఆ ఏడాది ఫోర్బ్స్ పత్రిక వేసిన అంచనా ప్రకారం ఆమె ఆదాయం 90 లక్షల డాలర్లు. ప్రపంచ మోడళ్లలో ఆమెది రెండవ స్థానం.

చట్టం ఏం తేల్చింది? 2006 జూన్‌లో బ్రిటన్ ప్రాసిక్యూషన్ విభాగం ఆమెపై అభియోగాలు మోపడం లేదని ప్రకటించింది. వీడియోలో ఏదో నిషిద్ధ పదార్థం వాడుతున్నట్లు కనిపిస్తున్నా, అది ఏ పదార్థమో రుజువు చేయడం సాధ్యం కాదని తెలిపింది. ఆ దేశపు చట్టంలో పదార్థం ఏ తరగతికి చెందినదో తేలకపోతే నేరం నిలవదు.

తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. చట్టం మాట్లాడకముందే సంస్థలు ఆమెను శిక్షించాయి. చట్టం మాట్లాడకముందే సంస్థలు ఆమెను తిరిగి చేర్చుకోవడమూ మొదలైంది. తొలగించడానికి నేరం రుజువు కానక్కరలేదు, పిలవడానికి నిర్దోషిత్వమూ రుజువు కానక్కరలేదు. రెండు సందర్భాల్లోనూ వారు చూసింది ఒకే ప్రశ్న: ఈ ముఖం ఇప్పుడు సరుకును అమ్ముతుందా, అమ్మదా?

చాలా ఏళ్ల తరువాత, 2022లో బీబీసీ రేడియోలో ఆ రోజుల గురించి మాట్లాడుతూ, తనకు తెలిసిన వారందరూ వాడుతుండగా తనొక్కదానినే వేలెత్తి చూపడం కపటమని ఆమె అన్నారు. ఆ మాట ఆమె చేసిన పనిని ఒప్పు చేయదు. కాని ఆ పరిశ్రమ గురించి లోపలి మనిషి ఇచ్చిన సాక్ష్యంగా దానిని తీసుకోక తప్పదు.

అమ్మినవారే అసహ్యించుకోవడం

మాదకద్రవ్యాలు తమ విలువలకు విరుద్ధమని చెప్పే ఈ పరిశ్రమ గతాన్ని కొంచెం తిరగేయాలి. 1990ల మధ్యకాలంలో పాలిపోయిన ముఖాలు, కళ్ల కింద నల్లని వలయాలు, ఎముకలు తేలిన దేహాలు పత్రికల నిండా కనిపించేవి. ఆ పోకడకు హెరాయిన్ షిక్ అనే పేరే స్థిరపడింది. వ్యసనపు రోగ లక్షణాలను సొగసుగా చూపించి దుస్తులు అమ్మారు. 1997 ఫిబ్రవరిలో ఆ తరహా చిత్రాలు తీసే యువ ఛాయాగ్రాహకుడు డేవిడ్ సొరెంటీ ఇరవయ్యేళ్ల వయసులో మరణించాడు. ఆ మే నెలలో నాటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్, బట్టలు అమ్ముకోవడానికి వ్యసనాన్ని అందంగా చూపించవలసిన అవసరం లేదని బహిరంగంగా మందలించవలసి వచ్చింది.

అది ఒక దశాబ్దపు పొరపాటు మాత్రమే అనుకుందామా? 1977లో ఈవ్ సాన్ లారాన్ సంస్థ ఒక పరిమళ ద్రవ్యానికి పెట్టిన పేరు ఓపియం, అనగా నల్లమందు. తమ పూర్వికుల దేశాన్ని నాశనం చేసిన పదార్థాన్ని సువాసనగా అమ్మడమేమిటని అమెరికాలోని చైనా సంతతివారు నిరసన తెలిపారు. పేరు మారలేదు. 2002లో డియోర్ సంస్థ విడుదల చేసిన పరిమళం పేరు అడిక్ట్, అంటే వ్యసనపరుడు. వ్యసనం నుంచి కోలుకుంటున్నవారు దానిపై అభ్యంతరం చెప్పారు. 2016లో మోస్కినో సంస్థ మందుబిళ్లల బొమ్మలతో దుస్తులను, మాత్రల సీసా ఆకారంలో చేతిసంచులను తెచ్చింది. నొప్పి మాత్రల వ్యసనంతో అమెరికాలో వేలాది కుటుంబాలు కూలిపోతున్న రోజులవి. వ్యసనపరులకు సలహాలిచ్చే ఒక సామాన్యుడు ప్రజల సంతకాలు సేకరించడంతో నార్డ్‌స్ట్రమ్ దుకాణాలు ఆ సరుకును వెనక్కి తీసుకున్నాయి.

వ్యసనం పేరు సీసా మీద ఉంటే అది అలంకారం. వ్యసనం మనిషిలో ఉంటే అది అపకీర్తి. సీసా అమ్ముడవుతుంది కనుక దానిని అద్దాల అరలో పెడతారు. మనిషి వల్ల అమ్మకం తగ్గుతుందన్న భయం కలగగానే వీధిలో నిలబెడతారు.

అమ్ముడు కాని ముఖానికి ఏం జరుగుతుందో కూడా ఈ పరిశ్రమ చరిత్రలోనే ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన జియా కరాంజీ 1970ల చివర ప్రసిద్ధ పత్రికల ముఖచిత్రాలపై వెలిగిన మోడల్. ఆమె హెరాయిన్‌కు బానిసయ్యారు. 1980 నాటి ఛాయాచిత్రాల్లో ఆమె చేతులపై సూది గుర్తులు కనిపించాయి. గుర్తులు కనిపిస్తున్నా పని మాత్రం వెంటనే ఆగలేదు. ఆ ముఖానికి గిరాకీ ఉన్నంత కాలం కెమెరా ఆమెను వదలలేదు. ఆమె పనికి సమయానికి రాలేని స్థితికి చేరిన తరువాత పిలుపులు నిలిచిపోయాయి. 1986 నవంబరులో, ఇరవై ఆరేళ్ల వయసులో, ఎయిడ్స్ సంబంధిత వ్యాధితో ఆమె కన్నుమూశారు. ఆమె విషయంలో విలువల ప్రస్తావనతో కూడిన ప్రకటన అవసరమే కలగలేదు. మౌనమే సరిపోయింది.

చప్పట్లు కూడా చికిత్స కావు. కేట్ మాస్‌కు మద్దతుగా నిలిచిన మెక్వీన్ 2010 ఫిబ్రవరిలో తన ప్రాణం తానే తీసుకున్నారు. ఆయన దేహంలో నిద్రమాత్రలతో పాటు కొకైన్ కూడా ఉన్నట్లు విచారణలో తేలింది. ఒకరిని తొలగించి, మరొకరిని కీర్తించి, ఇద్దరి వ్యాధినీ పట్టించుకోని చోటును విలువలున్న చోటు అని ఎలా అనగలము?

ఆరోపణే శిక్ష

తారలతో కుదుర్చుకునే ఒప్పందాల్లో నైతిక ప్రవర్తన షరతు ఒకటి ఉంటుంది. దాని పుట్టుక తెలిస్తే దాని స్వభావం తెలుస్తుంది. 1921 సెప్టెంబరులో అమెరికాకు చెందిన హాస్యనటుడు రాస్కో ఆర్బకుల్ ఒక నటి మరణానికి సంబంధించిన కేసులో అరెస్టయ్యారు. ఆ కలకలం మధ్యనే యూనివర్సల్ చిత్ర సంస్థ తన నటుల ఒప్పందాల్లో ఈ షరతును చేర్చింది. ఆర్బకుల్‌పై మూడుసార్లు విచారణ జరిగింది. 1922 ఏప్రిల్ 12న మూడవ జ్యూరీ ఆయనను నిర్దోషిగా తేల్చి, జరిగిన అన్యాయానికి విచారం కూడా తెలిపింది. ఆరు రోజుల తరువాత చిత్ర పరిశ్రమ పెద్దలు ఆయన సినిమాలపై నిషేధం విధించారు. నిషేధాన్ని ఆ ఏడాది చివర ఎత్తివేసినా పూర్వపు స్థానం ఆయనకు దక్కలేదు.

పుట్టుకలోనే ఉన్న ఆ లక్షణం నేటికీ మారలేదు. ఈ షరతు నేరాన్ని లెక్కలోకి తీసుకోదు, అపకీర్తిని తీసుకుంటుంది. న్యాయస్థానంలో ఆరోపణకు సాక్ష్యం కావాలి, నిందితునికి వాదించుకునే హక్కు ఉండాలి, తీర్పుపై అప్పీలు ఉండాలి. ఈ షరతు కింద వీటిలో ఏదీ లేదు. టీవీ తెరపై పేరు కనబడితే చాలు.

మన దేశంలో దీనికి తాజా ఉదాహరణ ఉంది. 2021 అక్టోబరు 2న ముంబయి తీరంలో ఒక విహార నౌకపై మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ దాడి చేసింది. మరునాడు నటుడు షారుఖ్ ఖాన్ కుమారుడు ఆర్యన్ ఖాన్‌ను అరెస్టు చేసింది. అతని వద్ద ఏ పదార్థమూ దొరకలేదు. అయినా మూడు వారాలకు పైగా నిర్బంధంలో గడిపాడు. అక్టోబరు 28న బొంబాయి హైకోర్టు బెయిలు ఇచ్చింది. 2022 మే 27న దాఖలైన అభియోగపత్రంలో తగిన సాక్ష్యం లేదన్న కారణంతో అతని పేరే చేర్చలేదు. కాని అరెస్టయిన వారంలోనే, తండ్రి నటించిన వాణిజ్య ప్రకటనలను ఒక పెద్ద సంస్థ తాత్కాలికంగా నిలిపివేసిందని పత్రికలు రాశాయి. ఆరోపణ కుమారునిపై, మూల్యం తండ్రిది. టీవీ చర్చల్లో ఆ కుటుంబం పేరును, మతాన్ని కలిపి ఎన్ని మాటలు అన్నారో మన పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు. 2023 ఏప్రిల్‌లో అదే యువకుడు సొంతంగా దుస్తుల వ్యాపారం మొదలుపెట్టాడు. అందులో ఒక్కో జాకెట్ ధర సుమారు రెండు లక్షల రూపాయలు. వాటిని కొనడానికి జనం ఎగబడ్డారు. అంగడికి నిన్నటి అపకీర్తి నేటి ఆకర్షణ.

ఆ కుటుంబానికి పేరున్న న్యాయవాదులు ఉన్నారు, నిలదొక్కుకోగల ధనం ఉంది. అవి ఉండి కూడా ఒక తండ్రి అన్ని రోజులు నిస్సహాయంగా నిలబడవలసి వచ్చింది. అవేవీ లేని కుటుంబం సంగతి ఏమిటి?

చికిత్స పొందే మనిషి మర్యాద

ఇదే లండన్ పత్రికకు సంబంధించిన మరో వివాదం మనకు ఒక మంచి సూత్రాన్ని ఇచ్చింది. 2001 ఫిబ్రవరిలో డైలీ మిర్రర్, మోడల్ నయోమీ క్యాంప్‌బెల్ వ్యసన విముక్తి సమావేశం నుంచి బయటికి వస్తున్న చిత్రాన్ని ప్రచురించింది. తాను మాదకద్రవ్యాలు వాడనని ఆమె అంతకుముందు చెప్పి ఉన్నారు. అది అబద్ధమని రాయడానికి పత్రికకు హక్కు ఉందని ఆమె కూడా అంగీకరించారు. కాని తన చికిత్స వివరాలను, చికిత్స స్థలం బయట తీసిన చిత్రాన్ని అచ్చు వేయడంపై దావా వేశారు. 2004 మే నెలలో బ్రిటన్ అత్యున్నత న్యాయపీఠమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఆమె పక్షాన తీర్పు చెప్పారు. ఆమెకు దక్కిన పరిహారం 3,500 పౌండ్లు మాత్రమే. కాని సూత్రం చాలా విలువైనది. తప్పును ప్రశ్నించవచ్చు, చికిత్సను బజారుకెక్కించరాదు. బయటపడతానన్న భయం ఉన్నచోట రోగి వైద్యుని గడప తొక్కడు.

ఒక తారకు వర్తించే ఈ సూత్రం మన బస్తీలోని కుర్రవాడికి వర్తించదా? పోలీసు స్టేషన్ ముందు వరుసగా నిలబెట్టి తీసిన చిత్రాలు సాయంత్రానికి ఫోన్లలో తిరుగుతాయి. తీర్పు రావడానికి ఏళ్లు పడుతుంది. చిత్రం మాత్రం ఆ గంటలోనే అతని యజమానికి, ఇంటి ఓనరుకు, అక్కకు సంబంధం ఖాయమైన ఇంటికి చేరుతుంది.

ఎదురు వాదనలు

మా వాదనకు రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: తన పేరును కాపాడుకునే హక్కు వ్యాపారికి లేదా? మత్తుకు అలవాటుపడిన వ్యక్తి బొమ్మ పెట్టుకొని పిల్లలకు బట్టలు అమ్మమని చెబుతారా? అలా చెప్పము. మత్తు విషయంలో మన ధర్మం ఇచ్చిన ఆదేశం స్పష్టం, అందులో మనకు రెండో అభిప్రాయం లేదు. యువతను ఆకర్షించే వ్యక్తి జవాబుదారీగా ఉండవలసిందే. ప్రచారాన్ని నిలిపివేయడం సంస్థ హక్కు. కాని నిలిపివేయడం వేరు, నిరూపణకు ముందే దోషిగా చాటడం వేరు. తన లాభనష్టాల నిర్ణయానికి నీతి ముసుగు వేయడం మరీ వేరు.

రెండవది: కేట్ మాస్‌కు మరో అవకాశం దొరకడం మంచిదే కదా, దానిని తప్పు పడతారా? తప్పు పట్టము. పడినవారు లేవాలి. పశ్చాత్తాపానికి తలుపు తెరిచి ఉంచాలన్నది మనకు చిన్ననాటి నుంచి నేర్పిన పాఠం. మా అభ్యంతరం ఆ తలుపు తెరుచుకున్నందుకు కాదు. దాని తాళం అమ్మకాల లెక్క చేతిలో ఉన్నందుకు. తాళం అక్కడ ఉన్నంత కాలం జియా కరాంజీ వంటివారు బయటే మిగిలిపోతారు. పేదవాడు ఆ వీధిలోకే రాలేడు.

మన చట్టంలో ఉన్న తలుపు

మన దేశపు చట్టం ఈ విషయంలో అంగడి కన్నా మెరుగ్గా ఆలోచించిందని చాలా కుటుంబాలకు తెలియదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం అమ్మేవాడిని, వాడేవాడిని ఒకే గాట కట్టలేదు. పెద్ద పరిమాణంలో రవాణా చేసేవారికి పదేళ్లకు తగ్గని జైలుశిక్ష, బెయిలుకు కఠిన నిబంధనలు ఉన్నాయి. వాడిన నేరానికి 27వ సెక్షన్ కింద పదార్థాన్ని బట్టి గరిష్ఠంగా ఆరు నెలలు లేదా ఏడాది జైలు, లేదా జరిమానా. చిన్న పరిమాణం అంటే ఎంతో కూడా ప్రభుత్వం నిర్ణయించింది. గంజాయికి అది ఒక కిలో, హెరాయిన్‌కు 5 గ్రాములు, కొకైన్‌కు 2 గ్రాములు.

అన్నిటికన్నా ముఖ్యమైనది 64ఎ సెక్షన్. వాడిన నేరంపై గాని, చిన్న పరిమాణం దొరికిన నేరంపై గాని కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో లేదా కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్స కోరితే అతనికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. చికిత్సను మధ్యలో విడిచిపెడితే ఆ రక్షణ రద్దు కావచ్చు. శిక్ష పడే దశకు చేరిన వ్యసనపరుణ్ని కూడా, కోర్టు తగునని భావిస్తే, 39వ సెక్షన్ కింద చికిత్సకు పంపవచ్చు. అంటే వాడేవాడు రోగి కావచ్చునని, రోగికి వైద్యం అవసరమని చట్టం ఒప్పుకుంది. తారలకు అరిజోనా ఉంది. మన పిల్లలకు ఈ రెండు సెక్షన్లు ఉన్నాయి. వాటిని అడిగి తీసుకునేవారు లేకపోవడమే మన లోటు.

2017 జులైలో హైదరాబాద్‌లో ఎక్సైజ్ శాఖ ప్రత్యేక దర్యాప్తు బృందం పలువురు సినీ ప్రముఖులను ప్రశ్నించినప్పుడు, తెలుగు చానళ్లు రోజుల తరబడి మరో వార్త చూపలేదు. ఎవరు ఎన్ని గంటలు లోపల కూర్చున్నారో, ఏ రంగు చొక్కా వేసుకున్నారో చెప్పారు. వ్యసనపరుడికి చట్టం ఇచ్చిన ఈ అవకాశం గురించి ఆ గంటల్లో కొన్ని నిమిషాలు చెప్పినా ఎన్నో ఇళ్లకు మేలు జరిగి ఉండేది.

మనం చేయవలసినది

సంస్థలను మనం అడగవలసినవి మూడు ఉన్నాయి. ఆరోపణను, రుజువైన నేరాన్ని ఒప్పందాల్లో వేరుచేసి రాయాలి. వ్యసనం బయటపడినప్పుడు తొలగింపుకన్నా ముందు చికిత్సకు అవకాశం ఇవ్వాలి, అది తారలకే కాక గోదాములో మూటలు మోసే ఉద్యోగికి కూడా వర్తించాలి. మత్తును సొగసుగా చూపే పేర్లను, బొమ్మలను మానుకోవాలి. నార్డ్‌స్ట్రమ్ వెనక్కి తగ్గింది ఒక సామాన్యుడు సేకరించిన సంతకాలకే. హెచ్ అండ్ ఎమ్ మాట మార్చింది కొనుగోలుదారుల అభ్యంతరాలకే. అంటే కొనేవారి మాటకు బలం ఉంది. ఆ బలాన్ని ఒక మనిషిని పడగొట్టడానికి వాడవచ్చు, ఒక పద్ధతిని మార్చడానికీ వాడవచ్చు. మనం రెండవ దానికి వాడాలి.

కాని ఈ ప్రశ్నలు పరాయివారిని అడిగి ఊరుకుంటే మన వేలు సగమే చూపినట్లు. మన సమాజంలోనూ దుకాణాలు నడిపేవారు, కార్ఖానాలు నడిపేవారు, విద్యాసంస్థలు నడిపేవారు ఉన్నారు. కేసులో పేరు వచ్చిందని పనివాణ్ని మరునాడే మాన్పించే యజమాని, లండన్‌లోని ఆ సంస్థల కన్నా ఏ విధంగా మెరుగు? నిర్దోషిగా బయటికి వచ్చిన కుర్రవాణ్ని తిరిగి పనిలోకి పిలిచిన యజమానులు ఎందరున్నారు? కొడుకు వ్యసనాన్ని పరువు పేరిట దాచిపెట్టి, చేయి దాటిన తరువాత ఏడ్చే తల్లిదండ్రులు మన మధ్య ఉన్నారు. వారు దాచుకోవడానికి కారణం వారి అజ్ఞానం ఒక్కటే కాదు, ఇరుగుపొరుగున ఉన్న మన నాలుకలు కూడా.

కుటుంబాలు తెలుసుకోవలసినది ఇది. మాదకద్రవ్యాల వ్యసనంపై సలహా కోసం ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు 14446. పోలీసు గడప తొక్కే దాకా ఆగకుండా, అనుమానం కలిగినప్పుడే వైద్యుణ్ని కలవడం మేలు. కేసు నమోదైతే మొదటి రోజే న్యాయవాదితో 64ఎ సెక్షన్ గురించి మాట్లాడాలి. ఖర్చు భరించలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించి ఉచిత న్యాయసహాయం కోరవచ్చు. కార్యకర్తలు చేయవలసినది కూడా కష్టమైనదేమీ కాదు. ప్రతి బస్తీలో ఈ రెండు సెక్షన్లు తెలిసిన ఒక్కరు ఉండాలి. దగ్గరలో గుర్తింపు పొందిన చికిత్స కేంద్రం ఎక్కడుందో తెలిసిన ఒక్కరు ఉండాలి. అరెస్టయిన కుర్రవాడి చిత్రం ఫోన్‌కు వచ్చినప్పుడు మరొకరికి పంపకుండా తుడిచివేసే నిగ్రహం మనందరికీ ఉండాలి.

అంగడికి తన లెక్క ఉంటుంది. అమ్ముడైన రోజు అభిమానం, అమ్ముడు కాని రోజు అసహ్యం, మళ్లీ అమ్ముడైతే మళ్లీ అభిమానం. దానిని మార్చడానికి చాలా కాలం పట్టవచ్చు. మన వీధిలోని లెక్క మాత్రం మన చేతిలో ఉంది. చికిత్స ముగించుకొని ఇంటికి వచ్చిన కుర్రవాడికి రేపు ఉదయం పని ఇచ్చే దుకాణం ఒక్కటైనా ఆ వీధిలో ఉందా అన్నదే మనల్ని తూచే తక్కెడ.